ఒక్క టిక్కీ మనిషికి షాకర్ల సైకిలు

ఇంజనీరింగు కాలేజీ పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. సైకిళ్ల మీద ప్రాజెక్టు చేస్తున్నామని, ఈ పనిలో రిటైరైనవాళ్ల అనుభవం కావాలని అంటారు. కంప్యూటర్లో గీసిన బొమ్మలు చూపిస్తారు. బొమ్మలు అందంగానే ఉంటాయి. చక్రాలు తిరుగుతుంటాయి, స్ప్రింగులు ఊగుతుంటాయి. నేను టీ ఇచ్చి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను: "ఈ సైకిలు ఎక్కే మనిషి బరువెంత?" చాలామంది ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఒకబ్బాయి మాత్రం ధైర్యం చేసి "స్టాండర్డ్ మనిషండి" అన్నాడు. ఆ స్టాండర్డ్ మనిషి కోసం నేను ఉద్యోగమంతా వెతికాను నాయనా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో సైకిలు మీద ఎక్కడా కనపడలేదు అని చెప్పాను.

ఆ అబ్బాయికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి రాయను. అవి రావాల్సినప్పుడు రాలేదు, వచ్చినప్పుడు వాటితో పనిలేకపోయింది. నేను చేసిన సైకిళ్లలో చాలా వాటిని మర్చిపోయినా నష్టం లేదు. ఒక్కదాన్ని మాత్రం మర్చిపోనివ్వను. దాని గురించి గొప్పలు చెప్పుకునే హక్కు నాకుంది, చెప్పుకుంటాను.

నా పేరు రజియా. మాది అద్దంకి. మా నాన్నకి అక్కడ సైకిళ్లు బాగుచేసే కొట్టుండేది. చిన్నప్పుడు పెద్ద సైకిలు చట్రంలోంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కేదాన్ని. పెద్దయ్యాక సీటు మీద కూర్చుని తొక్కుదామంటే నేను పెద్దవలేదు. నాలుగడుగుల పది అంగుళాల దగ్గర ఆగిపోయాను. పాలిటెక్నిక్ చదివి సైకిళ్ల ఫ్యాక్టరీలో డిజైను ఆఫీసులో చేరినప్పుడు, నేను గీసే సైకిళ్లు నాకే అందవని నవ్వుకునేదాన్ని. అది నవ్వాల్సిన సంగతి కాదని తర్వాత తెలిసింది.

రెండు టిక్కీల పరీక్ష

మా ఫ్యాక్టరీ గుంటూరు దాటి పెదకాకాని వైపు వెళ్లే దారిలో ఉండేది. పెద్ద రేకుల షెడ్డు, పెయింటు గది, వెనక మిరప చేలు, వాటి మధ్యగా కాలవ దాకా పోయే బండ్ల దారి, మా వైపు దొంక అంటాం. తొంభైల చివర్లో షాకర్ల సైకిళ్ల పిచ్చి మొదలైంది. ముందు ఫోర్కులో రెండు స్ప్రింగులు, సీటు కింద ఒక లావుపాటి స్ప్రింగు, గుబ్బల టైర్లు. అట్టపెట్టె మీద మౌంటెన్ బైక్ అని అచ్చు వేయించేవాళ్లం.

మీ దగ్గర మౌంటెన్లు ఎక్కడున్నాయని మీరడగొచ్చు. మౌంటెన్లు లేకపోతేనేం, నల్లరేగడి ఉంది. వానాకాలంలో ట్రాక్టర్లూ ఎడ్లబళ్లూ ఆ బురదని దున్నినట్టు దున్ని లోతుగా గాడులు తీస్తాయి. తర్వాత ఎండ కాస్తే ఆ గాడులు ఉన్నవి ఉన్నట్టే బిగుసుకుపోతాయి. పత్తి తీతల రోజుల్లో దొంక మీద మామూలు సైకిలు తొక్కితే పళ్లు కదులుతాయి. షాకర్లు ఎవరికైనా అవసరమంటే అది మాకే.

కొత్త మోడలు ఏది తయారైనా సీటు మీద రెండు మిర్చి టిక్కీలు కట్టి పరీక్షించేవాళ్లం. టిక్కీ అంటే మిర్చి యార్డులో కనిపించే గోనె బస్తా. నలభై కిలోల పైమాటే ఉంటుంది. వేరే ఊళ్లలో అయితే ఇసక బస్తాలు కడతారేమో. మా ఎండీగారి బావమరిది యార్డులో కమీషన్ వ్యాపారి, అందుకని మాకు ధర పలకని తాలుకాయల టిక్కీలు వచ్చేవి. వెనక చక్రం కింద చెక్క దిమ్మెలు బిగించిన డ్రమ్ము తిప్పితే సైకిలు ఎగిరెగిరి పడేది, టిక్కీలోంచి ఘాటు లేచేది. ఆ గదిలో తుమ్మని మనిషి లేడు. ఎన్ని తుమ్ములొస్తే సైకిలు అంత గట్టిదని మా వెల్డరు యేసోబుగారు అంటుండేవారు.

మనిషంటే రెండు టిక్కీలు. ఫ్యాక్టరీలో అందరికీ తెలిసిన లెక్క అది. ఎవరు పెట్టారో తెలియదు, ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

లేడీస్ మోడలుకి కూడా అవే రెండు టిక్కీలు. మగవాళ్ల సైకిలుకి పై కడ్డీ కాస్త కిందికి వంచి, గులాబి రంగేసి, ముందు బుట్ట పెట్టి, పువ్వు స్టిక్కరంటిస్తే లేడీస్ మోడలు అయిపోయేది. ఆ పువ్వు గీసింది నేనే. డిజైను ఆఫీసులో ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి లేడీస్ మోడలు నాకప్పగించారు. అప్పగించారంటే పువ్వు అప్పగించారు.

నాగమణి పడ్డ చోట

ఒకరోజు సత్తెనపల్లి డీలరు ఫోన్ చేశాడు. "మేడమ్, ఒకావిడ మన లేడీస్ మోడలు తెచ్చి షాపు ముందు పడేసి కూర్చుంది. చేసినోళ్లు వస్తేగాని కదలనంటంది. మీరొకసారి రావాలి."

బస్సెక్కి వెళ్లాను. షాపు మెట్ల మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది. సన్నగా, పొట్టిగా, ఇంచుమించు నా కొలతే. మోచేతికి కట్టుంది. పేరు నాగమణి. చుట్టుపక్కల శివారు పల్లెలు తిరిగి పసిపిల్లలకి టీకాలు వేసే నర్సమ్మ.

"ఇది చేసింది మీరేనాండీ?"

"అవునమ్మా."

"ఇందులో స్ప్రింగులున్నాయని అమ్మారు. ఎక్కడున్నాయి?"

"అదిగో, సీటు కింద."

"కనపడతానే ఉందండీ. కదలదేం మరి?"

నేను ఎక్కి కూర్చున్నాను. నిజమే, స్ప్రింగు ఉలకలేదు పలకలేదు. కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. చెయ్యి చాపితే బ్రేకు పిడి వేళ్ల చివర్లకి తగులుతోంది గానీ పట్టుకి రావడం లేదు. ఇన్నాళ్లుగా ఈ సైకిలుకి పువ్వులు గీస్తూ ఒక్కసారైనా దొంక మీదికి తీసుకెళ్లలేదు కదా అనిపించింది. పదమ్మా, నువ్వు పడ్డ చోటు చూపించు అన్నాను.

ఊరి బయట పత్తి చేల మధ్య దారి చూపించింది. నాలుగు బారలు తొక్కానో లేదో, ముందు చక్రం గాడిలో దిగింది, వెనక చక్రం నన్ను సీటు మీంచి ఎగరేసింది. బ్రేకు అందలేదు, కాలు నేలకి అందలేదు. రేగడి పెళ్ల మీద మోకాలు చిట్లింది.

నాగమణి వచ్చి లేపింది. "నేనూ ఇక్కడే, ఇట్టాగే పడ్డానండీ. నా దగ్గర మందుల ఐసుపెట్టె కూడా ఉంది. అది పగిలింది."

చీర దులిపి పక్కన కూర్చోబెట్టి తన సంగతి చెప్పింది. శివారు పల్లెలకి టీకాలు సరిగా అందడం లేదని పై ఆఫీసరు కోప్పడ్డాడు. నడిచి వెళ్తే ఒక ఊరయ్యేసరికి పొద్దు వాలిపోతుంది. మామూలు సైకిలు మీద వెళ్లీ వెళ్లీ నడుం పట్టేసింది. అందుకే షాకర్ల సైకిలు కొనుక్కుంది. "వానలు పడేలోపు అన్ని ఊళ్లూ తిరిగి చూపించకపోతే నా బదులు మోటారు సైకిలున్న ఆయన్ని పెడతారంట. వానలొచ్చాక ఆయన బండీ దిగబడిద్ది, అది వేరే సంగతి. నా ఉద్యోగమైతే పోద్దిగా."

"నీకు పనికొచ్చే సైకిలు నేను చేసిస్తాను," అన్నాను.

"ఎప్పటికండీ?"

"వానలకి ముందే."

మాటైతే ఇచ్చేశాను గానీ, ఫ్యాక్టరీ నాది కాదు.

మా ఎండీగారు

ఎండీ కోటేశ్వరరావుగారిది పొగాకు వ్యాపారం చేసే కుటుంబం. ఆయనకే ఎందుకో సైకిళ్ల మీద మనసు పోయింది. మనిషి అయిదడుగులుంటారు, గొంతు మాత్రం ఆరడుగులు. ఎత్తు కుర్చీలో కూర్చునేవారు. కారులో వీపు వెనక ఒక దిండు, కింద ఒక దిండు ఉండేవి. వాటి గురించి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

"సార్, మన లేడీస్ మోడలులో షాకరు పనిచెయ్యడం లేదు," అన్నాను.

"ఎవరన్నారు? రెండు టిక్కీలు కట్టి తిప్పాంగా."

"రెండు టిక్కీలకి పనిచేస్తంది సార్. ఆడమనిషి ఒక్క టిక్కీయే ఉంటది. ఆ బరువుకి మన స్ప్రింగు నిద్ర కూడా లేవదు."

"ఆడాళ్లకి షాకర్లెందుకమ్మా అసలు? బుట్ట ఉంది, పువ్వుంది. చాలదా?"

"మోకాలు చూపించమంటారా సార్?"

"వద్దు వద్దు."

"పోనీ, మీరొకసారి ఎక్కి చూడండి."

ఆయన గంట కొట్టి టీ తెమ్మన్నారు. టీ వచ్చాక ఒంగోలు డీలరు సంగతులెత్తారు. నేను లేచి వచ్చేశాను.

బాసుల గురించి చెప్పాలి కాబట్టి ఇక్కడే చెప్తాను. మెత్తగా సరేనని కాగితం కిందికి తోసేసేవాళ్ల దగ్గర పనిచేశాను, కాదని అరిచేవాళ్ల దగ్గరా పనిచేశాను. అరిచేవాళ్లే నయం. విన్నారు కాబట్టే అరుస్తారు. మర్నాడు పొద్దున్నే కోటేశ్వరరావుగారు నా బల్ల దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి చెప్పారు. "ఒక్కటి చెయ్యి. వేసవిలో డీలర్ల మీటింగుంది. వాళ్లు ఊ అంటే తయారుచేద్దాం. ఉహూఁ అంటే మళ్లీ ఈ మాట నా దగ్గర ఎత్తకు."

ఒక్కటి చాలు. ఈ వృత్తిలో ఎవరూ అంతకంటే ఎక్కువ ఇవ్వరు, అడిగి టైం వృథా చేసుకోకండి.

టిక్కీ పెడలు తొక్కదు

చిన్న చట్రం గీశాను. పై కడ్డీ బాగా కిందికి దింపాను, పెడళ్ల కాళ్లు పొట్టివి చేశాను, బ్రేకు పిడి చేతి దగ్గరికి వంచాను. యేసోబుగారు గొట్టాలు కోస్తూనే సణిగారు. "ఇదేంటి అమ్మాయ్, సైకిలు చెయ్యమంటున్నావా, మీ మేనకోడలికి బొమ్మ చెయ్యమంటున్నావా?"

"మా మేనకోడలు కూడా ఎక్కుద్దిలెండి. ముందు వెల్డింగు సరిగా వెయ్యండి."

ఆటోనగర్లో స్ప్రింగులు చుట్టే షాపుకి వెళ్లి సన్న తీగతో మెత్తటి స్ప్రింగు చుట్టించాను. వెనక చట్రం ఊగే కీలు మరీ బిగుతుగా ఉండి తేలిక మనిషి బరువంతా ఆ బిగుతుకే సరిపోతోందని, దాన్నీ నున్నగా తిరిగేలా చేశాం. డ్రమ్ము మీద పెట్టి ఈసారి ఒక్క టిక్కీయే కట్టాను. చూస్తే కళ్లు చల్లబడ్డాయి. చక్రం ఎగిరెగిరి పడుతోంది, టిక్కీ మాత్రం మహారాణిలా కదలకుండా కూర్చుంది. ఆ సంతోషంలో అందరికీ కాజాలు పంచాను. నాగమణికి కబురు పెట్టాను.

ఆమె వచ్చి ఆవరణలో ఒక చుట్టు తొక్కింది. దిగి, పాపం, నా మొహం చూసి మొహమాటపడింది.

"బాగానే ఉంది రజియక్కా. కాకపోతే ఇది సైకిలా ఉయ్యాలా? నేను తొక్కే బలమంతా అదే మింగుతంది."

పంచిన కాజాలు తిరిగి తీసుకోలేను కదా. మా సేల్స్ మేనేజరు అక్కడే నిలబడి ఉన్నాడు. ఇంకో కాజా నోట్లో వేసుకుంటూ "గట్టి స్ప్రింగు వేసెయ్యండి మేడమ్, సరిపోద్ది" అన్నాడు. ఊగితే బిగించడం, ఇదొక్కటే మా పరిశ్రమకంతా తెలిసిన వైద్యం. గట్టి స్ప్రింగు వేస్తే నాగమణి మళ్లీ రాయి మీద కూర్చున్నట్టే.

తప్పెక్కడుందో కాజాలు అరిగాక గాని తట్టలేదు. టిక్కీ సీటు మీద ఊరికే కూర్చుంటుంది, పెడలు తొక్కదు. మనిషి తొక్కుతుంది. ఏళ్ల తరబడి మేం పరీక్షించింది సైకిలు మీద ప్రయాణించే మిరపకాయల్ని.

నాగమణిని మళ్లీ తొక్కమని నేను నేల మీద కూర్చుని పక్కనుంచి చూశాను. ఆమె పెడలు నొక్కినప్పుడల్లా గొలుసు వెనక చట్రాన్ని ముందుకి లాగుతోంది, ఆ లాగుడికి స్ప్రింగు కుంగుతోంది. కీలు బాగా కిందికి, పెడళ్ల ఇరుసు పక్కన ఉండటమే దానికి కారణం. దాన్ని గొలుసు లాగే గీత దాకా పైకి జరిపితే గొలుసు లాగినా చట్రం కుంగదు. స్ప్రింగు మెత్తగానే ఉంచొచ్చు. గతుకు వస్తే కదులుతుంది, తొక్కితే కదలదు. ఇది నేను కనిపెట్టిన రహస్యమేమీ కాదు. బరువైన మనిషికి గట్టి స్ప్రింగు వేసినంతకాలం ఎవరికీ అవసరం పడలేదంతే. తేలిక మనిషి వచ్చి ఎక్కింది కాబట్టి మా డిజైనులోని బద్ధకం బయటపడింది.

"కోసి అతికిందాన్ని మళ్లీ కోసి అతకమంటావా?" అన్నారు యేసోబుగారు.

"అవును."

"ఇంకోసారి కోయించవుగా?"

"మాటివ్వలేను."

నవ్వి కళ్లకి అద్దాలు దించుకున్నారు. మాటివ్వకపోవడమే మంచిదైంది, ఎందుకంటే ఇంకోసారి కోయించాను. స్ప్రింగు వంపుల్లో చీర కుచ్చిళ్లు పడి నలుగుతున్నాయి. దాన్ని సీటు గొట్టం వెనక్కి జరిపి రెగ్జిన్ తొడుగు వేశాం. తర్వాత నాగమణి ఇంకో సంగతి బయటపెట్టింది. "వెళ్లేటప్పుడు ఐసుపెట్టేనక్కా. వచ్చేటప్పుడు గేదెకి గడ్డిమోపు కూడా కట్టుకొస్తా. అప్పుడు స్ప్రింగు అడుగుదాకా కుంగి తగులుకుంటది." ఒక్క టిక్కీగా వెళ్లిన మనిషి టిక్కీన్నర అయి తిరిగొస్తుందన్నమాట. మగవాళ్ల సైకిళ్ల గురించి రాసిన పుస్తకాల్లో గడ్డిమోపు లేదు. స్ప్రింగు మీద చేత్తో తిప్పే రింగు పెట్టాం. మోపు కట్టాక రెండు తిప్పులు బిగిస్తే చాలు, పానాలు అక్కర్లేదు.

కాలవ గట్టు వచ్చినచోట సైకిలు ఎత్తి దాటించాలి. అందుకని బుట్ట తీసేశాను, లావు గొట్టాలు తీసేశాను. ఆఖరికి పువ్వు కూడా తీసేశాను. పువ్వుకి బరువేమీ లేదు, నాకే దాన్ని చూస్తే ఒళ్లు మండుతోంది.

పెరుగు కుండలు

డీలర్ల మీటింగుకి ఒంగోలు, చిలకలూరిపేట, అద్దంకి, సత్తెనపల్లి నుంచి అందరూ వచ్చారు. షెడ్డు ముందు షామియానా వేశాం. తెల్ల చొక్కాలు, చేతుల్లో చల్లటి సోడాలు. పందెం పెడదామన్నాడు సేల్స్ మేనేజరు. మా ఫ్యాక్టరీలో సైకిళ్లు బిగించే శీను పాత షాకర్ల సైకిలు మీద, నాగమణి కొత్తదాని మీద. శీను జిల్లా పందేల్లో గెలిచిన కుర్రాడు. పందెమంటే ఏమవుతుందో అందరికీ తెలుసు.

"పందెం ఎందుకు సార్," అన్నాను ఎండీగారితో. "భోజనాల్లోకి పెరుగు కావాలి. దొంక చివర కాలవ దాటాక పాలావిడ దగ్గర రెండు కుండలు తోడు పెట్టించాను. ఇద్దరూ చెరొకటి తెస్తారు. అదే పరీక్ష."

కోటేశ్వరరావుగారు నన్ను ఎగాదిగా చూశారు. "రజియా, నువ్వు సైకిళ్ల కంపెనీలో ఎందుకున్నావు? పాలిటిక్స్‌లో ఉండాల్సింది."

ఇద్దరి క్యారియర్ల మీదా చుట్టకుదుర్లు కట్టి పంపించాం. నాగమణి వెళ్తూ నావైపు చూడలేదు. డీలర్లు కాదంటే ఆ సైకిలు ఫ్యాక్టరీలోనే ఉండిపోతుందని, తన ఉద్యోగం కూడా ఆ క్యారియర్ మీదే ఉందని ఆమెకి తెలుసు. డీలర్లు కబుర్లలో పడ్డారు. నేను మాత్రం దొంక మలుపు మీంచి కళ్లు తిప్పలేదు.

ముందు శీనే వచ్చాడు. పెడళ్ల మీద లేచి నిలబడి, చొక్కా తడిసి ముద్దయి, ఈలలు వేయించుకుంటూ వచ్చాడు. కుండ దింపి మూత గుడ్డ విప్పితే అంతా మజ్జిగే. సగం దారిలో ఒలికిపోయి వెనక చక్రం తెల్లగా ఉంది.

ఇంకాసేపటికి నాగమణి వచ్చింది. కూర్చునే తొక్కుతోంది, ఏ తొందరా లేకుండా. గాడి వచ్చినచోట చక్రం కిందికీ పైకీ పోతోంది, ఆమె తల మాత్రం ఒకే ఎత్తులో వస్తోంది. సైకిలు నా ముందే ఆపి రెండు కాళ్లూ నేల మీద పెట్టింది. కుండ దింపి గుడ్డ విప్పాం. మీద కట్టిన మీగడ కూడా చెదరలేదు. ఒంగోలు డీలరు గరిటె తెప్పించి పెరుగులో గుచ్చితే గరిటె నిలబడింది.

ఒక్కసారిగా అందరూ సోడాలు కింద పెట్టి సైకిలు చుట్టూ మూగారు. స్ప్రింగు నొక్కి చూసేవాళ్లు, కీలు వంగి చూసేవాళ్లు. కానీ వ్యాపారం వ్యాపారమే. చిలకలూరిపేట డీలరు గడ్డం గోక్కున్నారు. "బాగుందండీ, కాదనను. అయితే ఆడాళ్ల సైకిళ్లు ఎన్ని అమ్ముడుపోతాయి? షాపులో చోటు దండగ."

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. సరుకు తూచే కాటా అప్పటికే పక్కన పెట్టించి ఉంచాను.

"శీనూ, ఎక్కు."

శీను ఎక్కాడు. టిక్కీన్నర కూడా తూగలేదు. "వీడు మగవాడేగా సార్. మన స్ప్రింగు వీడికీ కదల్లేదు, అందుకే పెరుగు మజ్జిగైంది." తర్వాత పెయింటు గదిలో వాళ్లని పిలిచాను, వంటవాళ్లని పిలిచాను, యేసోబుగారిని ఎక్కించాను. టిక్కీంబావు, టిక్కీన్నర. రెండు టిక్కీల మనిషి ఒక్కడూ లేడు. ఆఖరికి చిలకలూరిపేట ఆయన్నే ఎక్కమన్నాను. ముల్లు సరిగ్గా రెండు టిక్కీల దగ్గరికెళ్లి ఆగింది.

"దొరికారు సార్. మా పరీక్షకి సరిపోయే మనిషి ఇన్నాళ్లకి కనపడ్డారు. మీరు సైకిలెక్కి ఎన్నాళ్లయింది?"

"నాకు కారుందిగా అమ్మా," అన్నారాయన.

షామియానా కింద నవ్వులు ఆగలేదు. ఆయన కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. కారున్నవాళ్ల కొలతకి సైకిళ్లు చేసి, సైకిలు తప్ప గతిలేనివాళ్లకి ఇన్నేళ్లూ అమ్మాం.

నవ్వుల మధ్యలో ఎవరో "కోటేశ్వరరావుగారూ, మీరెంత?" అన్నారు. నవ్వు ఆగింది. ఆయన కాటా వైపు చూశారు, దిండ్లున్న కారు వైపు చూశారు. వచ్చి నాగమణి చేతిలోంచి సైకిలు తీసుకున్నారు. ఎక్కి కూర్చున్నారు. రెండు కాళ్లూ నేలకి ఆనాయి. తల వంచి ఆ కాళ్లని కాసేపు అలా చూసుకున్నారు. తర్వాత తొక్కుకుంటూ దొంక మీదికి వెళ్లిపోయారు.

విస్తళ్లు వేశాం. ఎండీగారు రాలేదు. వడ్డించాం. రాలేదు. పడిపోయారేమోనని శీనుని పంపబోతుంటే మలుపులో కనపడ్డారు. ప్యాంటు మోకాళ్ల దాకా దుమ్ము, జుట్టు చెదిరిపోయింది. అంత నవ్వుమొహంతో ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. అయిదుగురు డీలర్లు అన్నం తింటూనే ఆర్డర్లు చెప్పారు. చిలకలూరిపేట ఆయన అందరికంటే ఎక్కువ చెప్పారు. మా సత్తెనపల్లి డీలరు నాగమణి విస్తట్లో పెరుగు తనే వడ్డించాడు.

చేతులు కడుక్కునేటప్పుడు కోటేశ్వరరావుగారు నా పక్కకొచ్చి నిలబడ్డారు. "చిన్నప్పుడు మా నాన్న నాకు సైకిలు కొనిచ్చాడమ్మా. కాళ్లందేవి కాదు. బజార్లో రెండుసార్లు పడ్డా, అందరూ నవ్వారు. ఆ తర్వాత మళ్లీ ఎక్కలేదు." తడి చేతులు విదిలించి అన్నారు: "సైకిళ్ల కంపెనీ పెట్టా గానీ ఎక్కలేదు." నేను తుండుగుడ్డ అందించాను.

ఆ తర్వాత

ఆ మోడలుకి లేడీస్ అన్న మాట పెట్టొద్దని ఎండీగారే చెప్పారు. చిన్న ఫ్రేము అని మాత్రమే రాశాం. కాలేజీకి పోయే ఆడపిల్లలు కొన్నారు, పొలాలకెళ్లే ఆడవాళ్లు కొన్నారు, పొట్టి మగవాళ్లూ ముసలివాళ్లూ కొన్నారు. పరీక్ష గదిలో ఆ మోడలుకి టిక్కీ ఒక్కటే కట్టారు. టిక్కీ తర్వాత ఒక మనిషి ఎక్కి దొంక మీద తొక్కి రావాలని నియమం పెట్టించాను. తుమ్ములు మాత్రం తగ్గలేదు.

నాగమణి మొదట చేసిన ఆ ఒక్క సైకిలునే తీసుకెళ్లింది, కొత్తది ఇస్తామన్నా వినలేదు. వానలు పడకముందే శివారు పల్లెలన్నీ చుట్టింది. వానలొచ్చాక ఆఫీసరు జీపు దిగబడిన ఊరికి కూడా ఆమె ముందే చేరి, టీకాలు వేసి, ఆయన వచ్చేసరికి పిల్లల్ని ఆడిస్తోందట. మోటారు సైకిలాయన మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చేవాళ్లకి చెప్పేది ఒక్కటే. మీ బొమ్మ మీద స్టాండర్డ్ మనిషిని కూర్చోబెట్టకండి. పేరున్న మనిషిని కూర్చోబెట్టండి. ఆమెకి గేదె ఉందా, చీర కడుతుందా, ఏ గట్టు దాటాలి, ఎవరు ఆమె ఉద్యోగం తీసేస్తానంటున్నారు, ఇవి తెలుసుకోండి. స్ప్రింగు లెక్క ఆ తర్వాత కట్టొచ్చు, అది తేలిక.

కొన్నేళ్లకి, సెల్‌ఫోన్లు పల్లెలకి కూడా వచ్చేశాక, ఒక పనిమీద సత్తెనపల్లి అవతలికి వెళ్లాను. ఆటో ముందుకి పోనంటే దిగి నడుస్తున్నాను. అదే దారి, నేను మోకాలు చిట్లగొట్టుకున్న పత్తి చేల దారి. గాడులు అప్పటికంటే అధ్వాన్నంగా ఉన్నాయి. ఎదురుగా సైకిలొస్తోంది. రంగు వెలిసిపోయినా నా సైకిలుని నేను గుర్తుపట్టలేనా. వెనక ఐసుపెట్టె, దాని మీద గడ్డిమోపు. నాగమణి ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేత్తో ఫోను చెవికి పెట్టుకుని, ఇంట్లో ఎవరినో గట్టిగా కేకలేస్తూ వస్తోంది. నేను పక్కనే నిలబడ్డానని కూడా చూడలేదు.

రెండు చేతులూ పెట్టి తొక్కమని అరవాలనుకున్నాను, సైకిళ్లు చేసినదాన్ని కాబట్టి అరవాలి. అరవలేదు. సైకిలు గాడిలో దిగింది, పైకి లేచింది, మళ్లీ దిగింది. ఆమె గొంతు వణకలేదు, మాట తెగలేదు. నన్ను దాటి వెళ్తూ ఫోనులో అంటున్న మాటలు నాకు స్పష్టంగా వినపడ్డాయి.

"వస్తన్నాలే, కంగారు పడబాక. కూర పొయ్యి మీద పెట్టు. ఆఁ, దారి బాగానే ఉంది."